రీస్లింగ్ అంటే తీపి వైనేనా? జర్మనీ డ్రై వైట్ వైన్ సంగతి, దానికి నప్పే తిండి సంగతి

క్లుప్తంగా

రీస్లింగ్ ఒక ద్రాక్ష రకం పేరు. సీసాలో తీపి ఉందో లేదో ఆ పేరు చెప్పదు. అదే ద్రాక్షతో జర్మనీలో చక్కెర ఆనవాలు తెలియని డ్రై వైన్ నుంచి రెండు గుక్కలకే చాలనిపించేంత తియ్యటి వైన్ దాకా అన్నీ తీస్తారు. కారం తిండికి రీస్లింగ్ బాగుంటుందన్న సలహా తీపి ఉన్న రకాలను ఉద్దేశించింది. డ్రై రకానికి కారం పడదు. ఉప్పు, కొవ్వు, మితమైన పులుపు బాగా పడతాయి. షాపులో ఈ రెండింటినీ విడదీయడానికి తేలికైన గుర్తు లేబుల్ మీది ఆల్కహాల్ శాతం.

తికమక ఎక్కడుంది

ఇండియన్ ఫుడ్‌కి ఏ వైన్ అని ఎక్కడ వెతికినా ముందు కనిపించే పేరు రీస్లింగ్. అది నమ్మి, ట్రొకెన్ (జర్మన్‌లో డ్రై అని) రాసి ఉన్న సీసా తెచ్చి, కారం దట్టించిన కోడి వేపుడు పక్కన పెట్టుకుంటే నోటి మంట పెరుగుతుంది, వైన్ పుల్లగా, చివర కాస్త చేదుగా తగులుతుంది. అక్కడితో రీస్లింగ్ అంతా హైప్ అని తేల్చేసేవాళ్లు చాలామంది. ఇంకో పక్క, తీపి అంటేనే గిట్టనివాళ్లు రీస్లింగ్ అన్న పేరు చూడగానే సీసా తిరిగి అరలో పెట్టేస్తారు. ఇద్దరూ ఒకే పేరు కింద ఉన్న రెండు వేరు వేరు వైన్లను ఒకటిగా చూస్తున్నారు.

జర్మనీలో రీస్లింగ్ తోటలు సుమారు 24 వేల హెక్టార్లు ఉన్నాయి, అంటే ఆ దేశపు మొత్తం ద్రాక్ష తోటల్లో నాలుగో వంతుకి కాస్త తక్కువ. ప్రపంచంలో ఇంత రీస్లింగ్ మరే దేశంలోనూ లేదు. ఈ ద్రాక్ష పేరు కనిపించే తొలి రాతపూర్వక ఆధారం 1435 నాటి ఒక లెక్కల పత్రం, అది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి రుసెల్స్‌హైమ్‌ది. ఒపెల్ కార్ల ఫ్యాక్టరీతో మనవాళ్లకి తెలిసిన ఊరే.

తీపి పేరు ఎలా అంటుకుంది

పాత రోజుల్లో రైన్ నది ఒడ్డు వైన్లు ఎక్కువగా పీపాల్లో తమంతట తాము పులిసినంత పులిసేవి. చక్కెర మిగిలితే చలికి పులియడం ఆగి మిగిలేది, లేకపోతే లేదు. చక్కెర మిగిలిన వైన్‌ని సీసాలో పోస్తే ఎండాకాలంలో మళ్లీ పొంగే ప్రమాదం ఉండేది కాబట్టి, తీపిని నమ్మకంగా నిలబెట్టడం కష్టమైన పనే.

ఆ చిక్కు తీర్చింది సన్నటి వడపోత. ఈస్ట్‌ని పూర్తిగా వడగట్టేసే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అన్ని చోట్లకీ పాకింది. దాంతో పాటు పులియని ద్రాక్షరసాన్ని దాచిపెట్టి చివర్లో వైన్‌లో కలిపే పద్ధతి కూడా వచ్చింది. ఇక ఎంత తీపి కావాలంటే అంత తీపి, ఎంత చౌకగా కావాలంటే అంత చౌకగా తీయొచ్చు. లీబ్‌ఫ్రావ్‌మిల్ష్ పేరుతో బ్రిటన్‌కీ అమెరికాకీ టోకుగా వెళ్లినవి ఇవే. తమాషా ఏమిటంటే ఆ సీసాల్లో రీస్లింగ్ ఉన్నవి తక్కువ. ఎక్కువగా ఉన్నది ముల్లర్ తుర్గావ్ అనే, త్వరగా పండి ఎక్కువ కాసే వేరే ద్రాక్ష. పేరు పోయింది మాత్రం జర్మన్ వైన్ మొత్తానికి, అందులోనూ అందరికీ తెలిసిన రీస్లింగ్‌కి.

1985లో ఆస్ట్రియా వైన్లలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం బయటపడింది, వైన్‌ని సీసాల్లో నింపి అమ్మే కొందరు జర్మన్ వ్యాపారుల సరుకులో కూడా దొరికింది. వైన్ చిక్కగా, తియ్యగా అనిపించడానికి కలిపిన మందు అది. దాని తర్వాత ఆ రెండు దేశాల్లోనూ డ్రై వైన్ వైపు మొగ్గు బాగా పెరిగింది, అప్పటికే మొదలైన ఆ మార్పుకి ఈ కుంభకోణం ఊపు ఇచ్చిందనాలి. ఇవాళ జర్మనీలో నాణ్యత పరీక్షకి వచ్చే వైన్‌లో సుమారు సగం ట్రొకెన్, అంటే డ్రై. అక్కడివాళ్లు ఇంట్లో తాగేది ఎక్కువగా అదే. బయటి దేశాల్లో మాత్రం పాత ముద్ర ఇంకా పోలేదు.

వాతావరణం పాత్ర కూడా ఉంది, ఇది చాలామంది వదిలేసే సంగతి. ఒకప్పుడు అక్కడి చలికి చాలా ఏళ్లు ద్రాక్ష సరిగా పండేది కాదు, పులుపు దంతాలు జిల్లుమనేలా ఉండేది, దాన్ని కప్పడానికి తీపి కావాల్సి వచ్చేది. ఇప్పుడు వేసవులు వేడెక్కి ద్రాక్ష బాగా పండుతోంది, చక్కెర అంతా పులిసిపోయినా వైన్ తాగబుద్ధయ్యేలా ఉంటోంది. 2018 లాంటి వేడి ఏడాది వైన్ నిండుగా, పులుపు తక్కువగా ఉంటే, 2021 లాంటి చల్లని ఏడాదిది సన్నగా, పులుపు పైకి తేలుతూ ఉంటుంది. ఈ రెండేళ్ల సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తే పాతకాలపు వైన్ కష్టం కొంత అర్థమవుతుంది.

ట్రొకెన్ వెనక లెక్క

ట్రొకెన్ అని రాయాలంటే లీటరుకి 4 గ్రాములకి మించి చక్కెర ఉండకూడదు. కానీ ఒక సడలింపు ఉంది. పులుపు తగినంత ఉంటే చక్కెర 9 గ్రాముల దాకా వెళ్లొచ్చు. షరతు ఏమిటంటే చక్కెర అంకె, ఆమ్లం అంకె కన్నా 2 గ్రాములకి మించి ఎక్కువ కాకూడదు. ఆమ్లం 6 గ్రాములు, చక్కెర 8 గ్రాములు అయితే ట్రొకెనే. ఆమ్లం 5 మాత్రమే ఉండి చక్కెర 8 ఉంటే కాదు.

డ్రై అంటూనే చక్కెర ఎందుకు ఒప్పుకుంటారంటే, పులుపుని బట్టే నాలుక తీపిని లెక్కగడుతుంది. పులుసులో వేసే చిన్న బెల్లం ముక్క పులుసుని తియ్యగా చేయదు, పులుపు అంచుని మొద్దు చేస్తుంది. ఈ కొద్ది గ్రాముల పని కూడా అంతే. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 9 గ్రాముల లెక్కన వచ్చేది గ్రామున్నర కన్నా తక్కువ చక్కెర.

ట్రొకెన్ తర్వాతి మెట్టు హాల్బ్‌ట్రొకెన్, దాని పరిమితి 12 గ్రాములు, పులుపుని బట్టి 18 దాకా. ఫైన్‌హెర్బ్ అని ఇంకో మాట కనిపిస్తుంది, దానికి చట్టంలో హద్దు లేదు, కాస్త తీపి ఉందని మాత్రం అర్థం చేసుకోవాలి.

అసలు గందరగోళం లేబుల్ మీద కనిపించే కాబినెట్, ష్పేట్‌లేజ, ఆవుస్‌లేజ అనే మాటలతో. 1971 చట్టం ఈ మెట్లని, కోసిన రోజు ద్రాక్షరసంలో ఎంత చక్కెర ఉందన్న దాని మీద కట్టింది. ఆ చక్కెర ఎంత పులిసింది, సీసాలో ఎంత మిగిలింది అన్నది ఆ మాటలు చెప్పవు. అందుకే ష్పేట్‌లేజ అని రాసిన సీసా పూర్తి డ్రై కావొచ్చు, బాగా తీపి కావొచ్చు. ష్పేట్‌లేజ ట్రొకెన్ అని రెండు మాటలూ ఉంటే డ్రై. ష్పేట్‌లేజ అని ఒక్కటే ఉంటే చాలా వరకు తీపే. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇది చెడ్డ పద్ధతి, యాభై ఏళ్లుగా దీని మీద విమర్శలు ఉన్నా పెద్దగా మారలేదు.

చలి, పలకరాయి, పులుపు

రీస్లింగ్‌కి ఆయువుపట్టు పులుపు. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలు ఉంటాయి, టార్టారిక్, మాలిక్. ఎండ ఎక్కువైన కొద్దీ మాలిక్ ఆమ్లం కాయలోనే కరిగిపోతుంది. జర్మనీ తోటలు ఉన్నది 50వ అక్షాంశం చుట్టుపక్కల, రాత్రులు చల్లగా ఉంటాయి, రీస్లింగ్ ఆలస్యంగా పండుతుంది, కాబట్టి అది చాలా మటుకు మిగులుతుంది. వెన్నలాంటి మెత్తదనం కోసం షార్డనే వైన్‌లో మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా చేత లాక్టిక్ ఆమ్లంగా మార్పించడం మామూలు. రీస్లింగ్‌లో ఆ పని సాధారణంగా చేయరు, కొత్త ఓక్ పీపాల్లో కూడా పెట్టరు. స్టీలు ట్యాంకు, లేదా మోజెల్ నది లోయలో వాడే వెయ్యి లీటర్ల పాత పీపా. చెక్క వాసన ఉండదు, పులుపు, పండు వాసన నేరుగా తగులుతాయి.

ప్రాంతాన్ని బట్టి తేడా గట్టిగానే ఉంటుంది. మోజెల్ లోయలో తోటలు నిటారు కొండల మీద ఉంటాయి, బ్రెమ్ అనే ఊరి దగ్గరి కాల్మాంట్ కొండవాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలు, అక్కడ యంత్రాలు ఎక్కవు, మనుషులే ఎక్కి కోయాలి. నేల పలకరాయి, పగలంతా వేడిని పట్టి రాత్రి వదులుతుంది. ఇక్కడి డ్రై వైన్ తేలిగ్గా, 11 నుంచి 12 శాతం ఆల్కహాల్‌తో, పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క వాసనతో ఉంటుంది. రైన్‌గావ్ సంగతి వేరు. ఉత్తరానికి పారే రైన్ నది వీస్‌బాడెన్ దగ్గర టౌనస్ కొండలు అడ్డొచ్చి పడమటికి తిరుగుతుంది, ఆ కాస్త దూరంలో కుడి ఒడ్డు మొత్తం దక్షిణం ఎండకి ఎదురుగా ఉంటుంది. ష్లోస్ యోహానిస్‌బెర్గ్ అక్కడిదే, 1720లో తోట మొత్తం రీస్లింగే నాటారు. ఇంకా దక్షిణాన ఫాల్ట్స్ ప్రాంతం హార్ట్ కొండల చాటున వెచ్చగా, పొడిగా ఉంటుంది, అంజీర, బాదం చెట్లు కూడా పెరుగుతాయి. అక్కడి ట్రొకెన్ నిండుగా, 12.5, 13 శాతంతో, పీచ్ పండు వాసనతో వస్తుంది. భోజనంలోకి కొనేవాళ్లు ఫాల్ట్స్, రైన్‌హెస్సెన్, రైన్‌గావ్ నుంచి మొదలుపెడితే పులుపుకి భయపడాల్సిన పని తగ్గుతుంది.

కొన్నేళ్లు నిలవ ఉన్న రీస్లింగ్‌లో పెట్రోల్ వాసన వస్తుంది. చెడిపోయిందని పారబోసేవాళ్లున్నారు. అది టీడీఎన్ అనే పదార్థం వల్ల, ద్రాక్ష తొక్కలోని కెరోటినాయిడ్లు విరిగి ఏర్పడుతుంది, ఎండ ఎక్కువ తగిలిన కాయల్లో ఎక్కువ. కొందరికి ఆ వాసనే ఇష్టం.

నాలుక మీద జరిగేది

తిండికీ వైన్‌కీ పొత్తు అనేది పెద్ద రహస్యం కాదు, నాలుగైదు రుచులు ఒకదాన్నొకటి పెంచుకోవడం, తగ్గించుకోవడం. ఉప్పు తిన్నాక వైన్ పులుపు, చేదు తగ్గినట్టు తోస్తాయి, పండు రుచి పైకి వస్తుంది. తిండిలో పులుపు ఉంటే వైన్ పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది. అందుకే పులుపు తక్కువున్న వైన్ పుల్లటి సలాడ్ పక్కన నీళ్లలా చప్పబడుతుంది, రీస్లింగ్‌కి ఇవ్వడానికి పులుపు మిగిలే ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. నూనె, వెన్న నాలుక మీద పేర్చిన పొరని పులుపు కడిగినట్టు చేస్తుంది. తిండిలో తీపి ఉంటే డ్రై వైన్ పుల్లగా, గట్టిగా మారుతుంది, కాబట్టి మిఠాయిల పక్కన దీన్ని పెట్టకపోవడం మంచిది.

చేపల విషయంలో రెడ్ వైన్ కన్నా ఇది ఎందుకు మేలంటే, రెడ్ వైన్లలో ఎక్కువగా ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు వాసన తెస్తుంది. వైట్ వైన్లలో ఇనుము సాధారణంగా తక్కువ, వగరు కూడా దాదాపు ఉండదు.

కారం రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే నరాల్ని తట్టి లేపుతుంది. ఆల్కహాల్ అవే నరాల్ని ఇంకా సున్నితం చేస్తుంది. ఆల్కహాల్ ఎక్కువ, చక్కెర లేదు, పులుపు బోలెడు. డ్రై రీస్లింగ్‌లో ఉన్న ఈ మూడూ మంటని పెంచేవే. 8 శాతం ఆల్కహాల్‌తో 40, 50 గ్రాముల చక్కెర ఉన్న మోజెల్ కాబినెట్‌లో సరిగ్గా దీనికి తిరగబడిన లెక్క: ఆల్కహాల్ తక్కువ, తీపి మంటని అణుస్తుంది, పులుపు ఆ తీపి మొహం మొత్తకుండా చూస్తుంది. కారానికి రీస్లింగ్ అన్న సలహా పుట్టింది ఆ సీసా నుంచి.

జర్మనీ పళ్లెంలో

ట్రొకెన్ రీస్లింగ్ సొంతూరి తిండి చూస్తే పై లెక్కలు అన్నీ అందులో కనిపిస్తాయి. వెన్నలో వేయించిన ట్రౌట్ చేప. రొట్టె పొడి అద్ది వేయించిన ష్నిట్జెల్, దాని పక్కన పెట్టే నిమ్మముక్క కూడా నూనె బరువు తగ్గించడానికే. పులియబెట్టిన క్యాబేజీ సావర్‌క్రావుట్, దాంతో ఉప్పు పట్టించిన పంది మాంసం: పులుపు, ఉప్పు, కొవ్వు మూడూ ఒకేచోట, ఇంతకన్నా సరైన జోడీ వెతకడం కష్టం. పలుచటి రొట్టె మీద పుల్లటి మీగడ, ఉల్లిపాయ, పంది మాంసం తునకలు వేసి కాల్చే ఫ్లామ్‌కూఖెన్ కూడా అదే కోవ. ఫాల్ట్స్‌లో జావ్‌మాగెన్ అని పంది మాంసం, ఆలుగడ్డ కూరి వండే వంటకం ఉంది, ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు హెల్మూట్ కోల్ విదేశీ నాయకులకి వడ్డించి దానికి పేరు తెచ్చాడు, అది కూడా అక్కడి ట్రొకెన్‌తోనే బాగుంటుంది.

తెల్ల ఆస్పరాగస్ సీజన్ వస్తే, అంటే వసంతం నుంచి జూన్ 24 దాకా, జర్మనీ మొత్తం ష్పార్గెల్ (ఆస్పరాగస్‌కి జర్మన్ పేరు) జపమే. పైన వెన్న, గుడ్డు సొనతో చేసే హోలండేజ్ సాస్ పోస్తారు. రీస్లింగ్ నడుస్తుంది, కానీ ఆస్పరాగస్‌లోని పసరు చేదుకి పులుపు తక్కువున్న సిల్వానర్ అనే ఇంకో జర్మన్ ద్రాక్ష వైన్ ఇంకాస్త నప్పుతుందన్నది ఫ్రాంకెన్ అనే వైన్ ప్రాంతం వాళ్ల మాట, అది సబబుగానే ఉంది.

గొడ్డు మాంసం స్టీక్ లాంటి బరువైన వాటికి ఈ వైన్ చాలదు. మేక పాల చీజ్, సుషి, ఆలివ్ నూనె వేసిన సీఫుడ్ వీటన్నిటికీ బాగుంటుంది.

తెలుగు వంట దగ్గర

చింతపండులోని ప్రధాన ఆమ్లం టార్టారిక్, ద్రాక్షలో ఉన్నదే. ఆ లెక్కన పులుపు కూరలతో డ్రై రీస్లింగ్‌కి కొట్లాట ఉండకూడదు, ఉండదు కూడా, అడ్డం వచ్చేది కారమే. పులిహోరలో నూనె, ఉప్పు, పల్లీలు, మితమైన పులుపు ఉంటాయి, ఎండుమిర్చి పక్కకి తీసి తింటే ట్రొకెన్ హాయిగా సరిపోతుంది. అల్లం, మిరియాలు వేసి కారం తగ్గించిన రొయ్యల వేపుడు, గారెలు, ఉల్లి పకోడీ, నెయ్యి వేసిన ముద్దపప్పు, వీటికీ అంతే. చేపల పులుసు రెండు వైపులా లాగుతుంది: పులుపు కలుస్తుంది, కారం కాలుస్తుంది. ఇంట్లో వండే కారాన్ని బట్టి ఫైన్‌హెర్బ్‌కి, ఇంకా ఘాటైతే తీపి కాబినెట్‌కి వెళ్లాలి. గోంగూర పచ్చడి పులుపు ముందు ఏ వైన్ అయినా చప్పబడుతుంది, ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు.

శాకాహారులు ఒకటి గమనించాలి. వైన్ తేటపరచడానికి కొందరు జిలాటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్, గుడ్డు తెల్లసొన వాడతారు. అవి వద్దనుకుంటే లేబుల్ మీద వీగన్ గుర్తు ఉన్న సీసా తీసుకోవాలి, జర్మనీలో తేలిగ్గానే దొరుకుతుంది.

సీసా కొనేటప్పుడు

ఈస్ట్ లీటరుకి సుమారు 17 గ్రాముల చక్కెర తింటే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. లీటరుకి 180 గ్రాముల చక్కెర ఉన్న రసం మొత్తం పులిస్తే దాదాపు 10.5 శాతం, 45 గ్రాములు మిగిలి ఆగిపోతే 8 శాతం. కాబట్టి జర్మన్ రీస్లింగ్ లేబుల్ మీద 7 నుంచి 9 శాతం ఉంటే తీపి, 12 అంతకు మించి ఉంటే చాలా వరకు డ్రై. మధ్యలో 10.5, 11.5 అలా ఉంటే ట్రొకెన్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకి యూరప్‌లో పోషకాల వివరాలు తప్పనిసరి చేశారు, చాలా కంపెనీలు క్యూఆర్ కోడ్ ద్వారా ఇస్తున్నాయి. అక్కడ 100 మిల్లీలీటర్లకి చక్కెర 0.6 గ్రాములని ఉంటే లీటరుకి 6 గ్రాములన్నమాట, సందేహం తీరిపోతుంది.

సీసా మెడ మీద ద్రాక్ష గుత్తి మోసే గద్ద బొమ్మ ఉంటే అది 1910లో మొదలైన వీడీపీ అనే ఉత్పత్తిదారుల సంఘం సభ్యులది. అందులో గ్రోసెస్ గెవెక్స్ అంటే పై తరగతి తోటల డ్రై వైన్, జీజీ అని రాస్తారు, ధర ఎక్కువ, తెచ్చిన రోజే తెరిస్తే దాని విలువ తెలియదు కూడా. భోజనానికి అదే సంఘం వాళ్ల కింది మెట్టు గుట్స్‌వైన్ చాలు. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో తాగాలి. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు, పులుపే మిగులుతుంది. అడుగున గాజు పొడిలా స్ఫటికాలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, టార్టారిక్ ఆమ్లపు లవణం చలికి పేరుకుంటే అలా అవుతుంది, హాని లేదు. ఇండియాలో అయితే దిగుమతి వైన్ మీద చాలా ఏళ్లుగా ఉన్న 150 శాతం సుంకం వల్ల అక్కడి మామూలు సీసా ఇక్కడ లగ్జరీ ధర పలుకుతూ వచ్చింది.

జర్మనీ 2021లో లేబుల్ చట్టాన్ని మార్చింది, 2026 పంట నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుంది. ప్రాంతం, ఊరు, తోట అనే క్రమంలో లేబుల్ మీది చోటు ఎంత చిన్నదైతే ప్రమాణం అంత గట్టిగా ఉండాలన్నది దాని సారం. ఇంతకాలం పీస్‌పోర్ట్ ఊరి పేరు పెట్టుకుని, గోల్డ్‌ట్రొప్‌షెన్ అనే ఒక మంచి తోట వైన్, మిషెల్స్‌బెర్గ్ అనే పెద్ద ప్రాంతపు కలగలుపు వైన్ రెండూ ఒకే తీరున అమ్ముడయ్యేవి. ఇకపై రెండో దాని మీద రీజియన్ అన్న మాట పెట్టక తప్పదు. డ్రైనా తీపా అన్న మాట లేబుల్ మీద రాయాలన్న నిబంధన మాత్రం పొంగని (బుడగలు రాని) వైన్లకి ఇప్పటికీ లేదు. పక్కనే ఉన్న ఫ్రాన్స్ అల్జాస్‌లో 2021 పంట నుంచి దాన్ని తప్పనిసరి చేశారు.